ఆశ్రిత రచనలలో సంభాషణ లేఖన మర్యాదలు : కన్యాశుల్క పాత్రల పునస్సృష్టిపై ఒక పరిశీలన

ఒకరు సృష్టించిన పాత్రలను మఱియొకరు గ్రహించి, వారి కథను పొడిగించుటయో, మలుపు త్రిప్పుటయో, మూలకర్త విడిచిన సందులను పూరించుటయో చేయు రచనలు నేడు లోకమున విస్తారముగా వెలువడుచున్నవి. ఆంగ్లమున వీనిని ‘ఫ్యాన్ ఫిక్షన్’ అందురు. వీనిని వ్రాయువారు వృత్తి రచయితలు కారు. ప్రతిఫలము నాశించువారును కారు. ఒక గ్రంథమునందలి మక్కువయే వారిచేత కలము పట్టించినది. ‘అభిమాన రచన’ యను మాట వీనికి పొసగునుగాని, మన దేశమున అభిమాని యన్నంతనే సినిమా నటుని అభిమానసంఘము స్ఫురించును. అదియునుగాక ఈ రచనల లక్షణము అభిమానముకంటె ఆశ్రయమునందే స్పష్టముగ గోచరించుచున్నది. కావున ఈ వ్యాసమున వీనిని ‘ఆశ్రిత రచనలు’ అని వ్యవహరించెదను.

విజయనగర శ్రీకాకుళ మండలములలో ఇట్టి రచనలకు ప్రధానమగు ఆశ్రయము కన్యాశుల్కము. 1892లో విజయనగరమున తొలుత ప్రదర్శితమై, 1897లో అచ్చుపడి, 1909లో ఆమూలాగ్రముగ మాఱిన రెండవ కూర్పుగ వెలువడిన ఈ నాటకమందలి పాత్రలు పుస్తకపుటట్టలు దాటి బయటికి వచ్చి చాలకాలమైనది. 1955లో పి. పుల్లయ్య దర్శకత్వమున చలనచిత్రముగ వచ్చినపుడు ఎన్.టి. రామారావు గిరీశముగను, సావిత్రి మధురవాణిగను నటించుటచే, నాటకమును చదువనివారికిని ఆ పాత్రలు పరిచితములైనవి. పూనా శరణాలయమునకు పంపబడిన బుచ్చమ్మ అచట ఏమి చదివెను? మీనాక్షి గతి యేమి? పూటకూళ్లమ్మకు ఆ వృత్తినామము గాక తల్లిదండ్రులు పెట్టిన పేరేది? గురజాడ చెప్పక విడిచిన ఈ విషయములు చదువరిని ఊరకుండనీయవు. కళాశాలల వార్షిక సంచికలలోను, గురజాడ జయంతి సందర్భమున విద్యార్థులు వ్రాయు ప్రదర్శనికలలోను, 2014లో ప్రారంభమైన ‘ప్రతిలిపి’ వంటి పఠన వేదికలు వచ్చిన పిదప సెల్‌ఫోనుమీదను, ఔత్సాహికులకు ఇట్టి ప్రశ్నలకు ఉత్తరములు వ్రాయు అవకాశము లభించినది.

ఈ రచనలందలి కథాకల్పన యెట్టిదో విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము కాదు. సంభాషణను కాగితముపై నెట్లు నిలుపుచున్నారు, ఏ గుర్తులతో, ఏ క్రియలతో, ఏ వర్ణక్రమముతో నిలుపుచున్నారు అను నంశము మాత్రమే ఇచట పరిశీలింపబడును. ఇది పైపై విషయమని తోపవచ్చును. కాని తెలుగున సంభాషణ లేఖనము కేవలము అచ్చుకూర్పునకు సంబంధించిన సంగతి కాదనియు, దానియందు రచయితయొక్క సాంఘికదృష్టి అతనికి తెలియకయే వెల్లడియగుననియు నా యభిప్రాయము. వ్రాసినవారు ప్రసిద్ధులు కారు గనుక ఎవరిని పేర్కొనను. లక్షణములను చూపుటకై ఇచ్చు వాక్యములు నేను కల్పించినవే.

1. అవతారిక

ఆశ్రిత రచన కొత్తది కాదు. సెర్వాంటిస్ 1605లో ‘డాన్ కిహోటి’ ప్రథమభాగమును ప్రకటింపగా, 1614లో అవెల్యనేదా యను మాఱుపేరుతో వేఱొకడు దానికి ద్వితీయభాగము వ్రాసి ప్రచురించెను. ఆ మఱుసటియేడు సెర్వాంటిస్ తన సొంత ద్వితీయభాగమును వెలువరించి, అందు ఆ పరకృతిని ఎగతాళి చేసెను. 1967లో అమెరికాలో ‘స్టార్ ట్రెక్’ టెలివిజన్ కథల అభిమానులు ‘స్పాకనేలియా’ యను పత్రికను తామే ముద్రించి పంచుకొనిరి. 2009లో అభిమానుల సంస్థయొకటి ప్రజలకు తెఱచిన అంతర్జాల భాండారమున నేడు లక్షలకొలది రచనలు గలవు.

ఆ భాండారమున రచనకు ముందు ఒక పట్టిక యుండుట నియమము. మూలగ్రంథమేది, ఏ పాత్రలు గలరు, వారిలో ఎవరి కెవరితో సంబంధము, ఏ వయసువారు చదువదగినది, బాధ కలిగించు ఘట్టములేవేని యున్నవా, కథాసంగ్రహమేమి — ఇవి యన్నియు అందుండును. దాని వెంట రచయిత మాట. అందు “పాత్రలు నావి కావు, ఫలానావారివి” అను ఒప్పుకోలు తఱచుగ గాననగును. మన విద్యార్థులును ఈ పద్ధతిని గ్రహించి “పాత్రలు గురజాడవారివి, తప్పులు నావి” అను తీరున రెండు పంక్తులు చేర్చుచున్నారు. గురజాడ 1915లో గతించెను. ఆయన గ్రంథములపై స్వామ్యపు గడువు తీఱి చిరకాలమైనది. కావున న్యాయశాస్త్రరీత్యా ఆ వాక్యముతో పని లేదు.

అయినను అది వ్యర్థమని నేననను. మన ప్రబంధావతారిక చేయు పని కొంతవఱకు ఇదియే కదా! ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కృతిపతి వర్ణనము, షష్ఠ్యంతములు — ఇవి యన్నియు, రాబోవు కావ్యము ఏ కథ నాశ్రయించినది, ఎవరి ఋణము మోయుచున్నది, ఎవరి కుద్దిష్టము అను విషయములను పాఠకునకు ముందుగ తెలుపునవే. మన ప్రాచీనకవులలో అధికసంఖ్యాకులు పరుల కథలనే చెప్పిరి, ఋణమును దాచలేదు. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును పూరించిన ఎఱ్ఱన తన కాలపు ప్రభువును గాక, నన్నయకు కృతిపతియైన రాజరాజనరేంద్రునే ఆ భాగమునకు కృతిపతిగ నిలిపెను. నన్నయ ధోరణితో నారంభించి క్రమముగ తిక్కన ధోరణికి చేరెనని విమర్శకులు చిరకాలముగ చెప్పుచున్నారు. ఒకరి గ్రంథమున ప్రవేశించువాడు ఆ యింటి మర్యాదను పాటింపవలెననుటకు ఇంతకంటె ఉత్తమోదాహరణము లేదు.

దోషము వేఱొక చోట నున్నది. ఔత్సాహికులు కథ నడుమ కుండలీకరణములలో “ఇచట నాకే నవ్వు వచ్చినది”, “వచ్చే భాగములో మధురవాణి వచ్చును, ఓపిక పట్టుడు” అని తమ మాటను చొప్పింతురు. రూపకమున సూత్రధారుడు ప్రస్తావన ముగియగనే నిష్క్రమించును. రంగముమీద పాత్ర మాటలాడుచుండగా అతడు తెరనుండి తల బయటపెట్టినచో రసభంగము తప్పదు. ముందుమాట ఎంత దీర్ఘమైనను క్షంతవ్యమే. నడిమి మాట ఒక్క పంక్తియైనను భారమే.

2. స్వగతమును ‘అని’యును

రెండవ మర్యాద, పలికిన మాటను, తలచిన మాటను పుటపై వేఱుచేయుటకు సంబంధించినది. ఆంగ్ల రచనలలో పలుకును ఉద్ధరణచిహ్నముల మధ్యను, తలపును వాలుటక్షరములలోను ఉంచుట విస్తారముగ నెలకొన్న పద్ధతి. ఘట్టము మాఱినపుడు మూడు చుక్కగుర్తులు, దృష్టికోణము మాఱినపుడు ఆ పాత్రపేరు శీర్షికగ నుంచుట, అఱచిన మాటను పెద్దక్షరములలో వ్రాయుట — ఇవియు అట్టివే. తెలుగు లిపిలో పెద్దక్షరములు చిన్నక్షరములు అను భేదము లేదు. వాలుటక్షరము మన లిపికి సహజము కాదు. యంత్రము వర్తులాక్షరమును ప్రక్కకు నెట్టగా నేర్పడు ఆ రూపము కంటికి శ్రమ కలిగించును. అయినను విద్యార్థులు వీనిని ఉన్నవి యున్నట్లే దించుకొనుచున్నారు.

ఈ పనికి మన యొద్ద సాధనములు లేవా యని విచారింపవలెను. రూపకశాస్త్రము స్వగతము, ప్రకాశము, జనాంతికము, అపవారితము అని సంభాషణను ఎంత సూక్ష్మముగ విభజించినదో విద్యార్థులకు పాఠముగ చెప్పుచునే యున్నాము. పాత్ర తనలో ననుకొనునది, అందఱకు వినిపించునది, ఇతరులు వినకుండ చెప్పునది — వీనికి పేర్లు గలవు. ఇక వచనమునకు వచ్చినచో, భాషయే ఆ పనిని ధాతువులో నిమిడ్చినది. ‘అను’ ధాతువునకు ‘కొను’ చేర్చిన ‘అనుకొను’ అగును. తనకు తాను చెప్పుకొనుటయే తలపు. “పోదు ననుకొన్నాడు” అన్నపుడు స్వగతమనుటకు వేఱొక గుర్తు అవసరము లేదు.

‘అని’ యను అవ్యయముయొక్క శక్తి మఱింత గొప్పది. ఈ రెండు వాక్యములను పరిశీలింపుడు.

“నేను రేపు వెళ్లిపోతున్నాను,” అన్నాడు అతను, కిటికీలోంచి బయటికి చూస్తూ.

అతను కిటికీలోంచి బయటికి చూస్తూ, తాను రేపు వెళ్లిపోతున్నానన్నాడు.

మొదటిది ఆంగ్లవాక్యపు పదక్రమము. పలుకు ముందు, క్రియ తరువాత, కర్త ఆపైన, చేష్ట చివర. రెండవది తెలుగు క్రమము. ఇందు చేష్ట ముందు వచ్చి, పలుకు వాక్యగర్భమున ఇమిడి, క్రియతో ముగిసినది. మఱియొక విశేషము గలదు. ‘తాను’ అని కథకుడు చెప్పుచునే ‘వెళ్లిపోతున్నాను’ అని పాత్ర పలికిన ఉత్తమపురుష ప్రత్యయమును చెడకుండ నిలిపినాడు. కథకుని గొంతును, పాత్ర గొంతును ఒకే క్రియలో వినిపించుచున్నవి. పాశ్చాత్య నవలాకారులు చాల ప్రయాసముతో సాధించిన ఈ కలయిక మనకు నిత్యవ్యవహారముననే సిద్ధించియున్నది. ఉద్ధరణచిహ్నముల కలవాటుపడిన యువరచయిత దీనిని కోల్పోవుచున్నాడు.

మొదటి క్రమము సర్వత్ర దోషమని కాదు. “అన్నాడు రామయ్య” అను తీరును ఆధునిక కథకులు అంగీకరించి చాలకాలమైనది. మాట హఠాత్తుగ వినబడవలసినచోట పలుకు ముందుండుటయే తగును. గురజాడ తానే 1910లో ‘దిద్దుబాటు’ కథను పాత్ర పలుకుతో నారంభించెను. ప్రతి పలుకునకును అదే క్రమము, ప్రతి పలుకు వెనుకను ఒక ‘చూస్తూ’, ఒక ‘నవ్వుతూ’, ఒక ‘నిట్టూరుస్తూ’ తోకవలె వ్రేలాడుట మాత్రము అలవాటు చేత గలిగిన జాడ్యము.

అఱపును చూపుటకై మన పిల్లలు కనిపెట్టిన ఉపాయము నాకు నచ్చినది. పెద్దక్షరములు లేవు గనుక “అమ్మాఆఆ” అని అచ్చును పెంచి వ్రాయుదురు. దూరముననున్నవారిని పిలుచునపుడు అచ్చు మూడుమాత్రల కాలము పలుకునని వ్యాకరణము చెప్పును. దానికి ప్లుతమని పేరు. ఆ పేరు నెఱుగకయే వారు దానికి లేఖనరూప మిచ్చినారు. పరిమితముగ వాడినచో దీనిని తప్పని దిద్ద నక్కఱలేదు.

3. ‘అన్నాడు’, ‘అన్నారు’

ఇక అసలు విషయమునకు వచ్చుచున్నాను. ఆంగ్లమున కథకుడు రాజు పలుకునకును, బంటు పలుకునకును ఒకే క్రియను వాడును. ఆ భాషలో ఆ క్రియకు తారతమ్యము లేదు. తెలుగున వాడు, అతడు, ఆయన, వారు. అది, ఆమె, ఆవిడ, వారు — వీనిలో నొకదానిని ఎన్నుకొననిదే కథకుడు నోరు విప్పజాలడు. సర్వనామమును దాటవేసి పేరు వాడినను క్రియ విడువదు. ‘అన్నాడు’ అనవలెనా, ‘అన్నారు’ అనవలెనా? స్త్రీ విషయమున ‘అన్నది’ యనవలెనా, ‘అన్నారు’ అనవలెనా? అన్న మాట నెవరన్నారో చెప్పు చిన్న క్రియయే ఆ మనిషి కథకుని దృష్టిలో ఎచట నిలిచియున్నాడో చెప్పివేయును.

నాటకకర్తకు ఈ చిక్కు లేదు. పాత్రపేరు వ్రాసి, దాని యెదుట పలుకు నుంచును. క్రియ యుండదు గనుక మర్యాద ప్రశ్న పుట్టదు. పేర్లలో పంతులు, అవధానులు, శాస్త్రి యను తారతమ్యము మిగిలినను అది లోకము పెట్టినదేగాని కవి పెట్టినది కాదు. కన్యాశుల్కమున ఒకరినొకరు పిలుచుకొను తీరులో ఎన్ని మెట్లు గలవో గమనింపుడు. అగ్నిహోత్రావధానులు భార్యతో మాటలాడు తీరు వేఱు, బావమఱదియగు కరటకశాస్త్రితో వేఱు. రామప్పపంతులు మధురవాణితో ఏకాంతమున మాటలాడునది వేఱు, నలుగురిలో వేఱు. ఆ తారతమ్యము నంతటిని గురజాడ పాత్రల నోట నుంచెను. తన నోట నుంచుకొనలేదు. మధురవాణిని ఎవరెవరు ఏ విధముగ సంబోధింతురో మనకు తెలియును. గురజాడ ఆమెను ఆమె యనునో, ఆవిడ యనునో, వారనునో నాటకపాఠమువలన మనకు తెలియదు.

నాటకమును కథగ మార్చ బూనిన ఆశ్రితరచయితకు ఈ రక్షణ తొలగిపోవును. గురజాడ ఎన్నడును చేయని తీర్పును అతడు ప్రతి పంక్తిలోను చేయవలసియుండును. ఈ పాత్రలను గ్రహించి కృతకృత్యులైన ప్రసిద్ధ రచయితలు ఏ రూపములను వరించిరో చూచినచో ఇది స్పష్టమగును. ముళ్లపూడి వెంకటరమణ ‘గిరీశం లెక్చర్లు’ ఉపన్యాసరూపము. పురాణం సుబ్రహ్మణ్యశర్మ ‘మధురవాణి ఇంటర్వ్యూలు’ ప్రశ్నోత్తరరూపము. పెన్నేపల్లి గోపాలకృష్ణ ‘మధురవాణి ఊహాత్మక ఆత్మకథ’ ఆత్మకథారూపము. మూడింటియందును పాత్ర తానే మాటలాడును. ‘అన్నాడు’, ‘అన్నది’ యని పైనుండి చెప్పు కథకుని భారము తగ్గును. వారు ఈ చిక్కును ఉద్దేశపూర్వకముగ నెంచియే ఆ రూపములను గ్రహించిరని నేననను. మంచి రచయిత చెవి దారిని తానే వెదకుకొనును.

ఔత్సాహికుడు సాధారణముగ ప్రథమపురుష కథనమునే చేపట్టును. అపుడు జరుగునది యిది. సౌజన్యారావుపంతులు ‘అన్నారు’, గిరీశము ‘అన్నాడు’, మధురవాణి ‘అన్నది’, లుబ్ధావధానులయింటి సేవకుడు అసిరి ‘అన్నాడు’, ఒక్కొక్కచోట ‘వాడన్నాడు’. ఇది దోషమని వ్రాసినవానికి తోచదు, దిద్దువానికిని తోచదు. నాకును తోచలేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఎం.ఏ. విద్యార్థులచేత కన్యాశుల్కమునకు ఉత్తరకథగ ఒక ఘట్టమును వ్రాయించితిని. శ్రీకాకుళము జిల్లా పల్లెటూరినుండి వచ్చిన యొక విద్యార్థి తన కథలో “అసిరి అన్నారు” అని ఆద్యంతము వ్రాసెను. క్రియాపదములందు పొరపాటని తలచి, పదునాలుగు చోట్ల ఎఱ్ఱసిరాతో ‘అన్నాడు’ అని దిద్ది, అంచున ‘మర్యాదాభంగము’ అని వ్రాసి యిచ్చితిని. అతడు కాగితము తీసికొని కొంతసేపు నిలిచి యిట్లనెను: “మా తాత పేరు కూడా అసిరేనండి. ఇంటికాడ మేమూ తాత సెప్పినాడనే అంటామండి. కాని కాగితం మీద పంతులుగారికి అన్నారని రాసి, మా తాతకి అన్నాడని రాయలేకపోయానండి.” నాయొద్ద సమాధానము లేకపోయెను. నేను వ్రాసిన ‘మర్యాదాభంగము’ అను మాటను కొట్టివేసి కాగితమును మరల అతనికి ఇచ్చితిని.

ఆ విద్యార్థి చెప్పినదానిలో ఒక సూక్ష్మము గలదు. ఇంటిలో తాతను ఏకవచనమున చెప్పుట అగౌరవము కాదు; అది చనువు. ఆ చనువునకు ఇరుప్రక్కల మనుష్యులు గలరు. పుటపై ఆ చనువు లేదు. అచట ‘అన్నాడు’ అనునది దాని ప్రక్కనున్న ‘అన్నారు’తో పోల్పబడును. ఏకవచనమే అగౌరవము కాదు. రెండు కొలతలు వాడుట అగౌరవము.

ఆశ్రితరచయిత యెదుట నాలుగు మార్గములు గలవని నా పరిశీలనమున దేలినది. మొదటిది, నాటకరూపమునే నిలుపుకొనుట. రెండవది, ఉత్తరములు, ఆత్మకథ, దినచర్య మున్నగు ఉత్తమపురుషరూపములు. ఇందు తారతమ్యము చూపవచ్చును. అది మాటలాడు పాత్రదగును. మీనాక్షి వ్రాసిన ఉత్తరమున అసిరిని ‘వాడు’ అన్నచో, అది మీనాక్షిని గూర్చి మనకు చెప్పును. మూడవది, కథకుడు అందఱకును ఒకే వచనము వాడుట. సౌజన్యారావును, అసిరియు ఇరువురును ‘అన్నాడు’ కావచ్చును, ఇరువురును ‘అన్నారు’ కావచ్చును. ఆ విద్యార్థి తోచినది తోచినట్లు ఈ మార్గమునే త్రొక్కెను. నాల్గవది, భిన్నవచనములు వాడుట. ఇది నిషిద్ధము కాదు. కాని అట్లు వాడిన కథకుడు సర్వసాక్షి కాడు. ఆ యగ్రహారమున అరుగుమీద కూర్చున్న ఒకానొక గృహస్థుడగును. అతడెవరో, ఏ యింటివాడో రచయిత ఎఱిగి వ్రాసినచో అది శిల్పము. ఎఱుగక వ్రాసినచో అరుగుమీది పెద్దమనిషి దృష్టిని రచయిత తన దృష్టిగ పొరబడుచున్నాడన్నమాట.

4. ఉచ్చారణ లేఖనము

ఇదే న్యాయము వర్ణక్రమమునకును వర్తించును. ఆశ్రిత రచనలలో సేవకులు, కూలీలు, పల్లెవారు పలికిన మాటలను చెవికి వినిపించినట్లు వ్రాయుట మర్యాదగ నేర్పడినది. ఒక పంతులును, ఒక కూలియు మాటలాడుచున్నారనుకొందము. పంతులు “ఏం చేస్తున్నావు?” అనును. కూలి “ఏటి సేస్తన్నానండి, కూకున్నాను” అనును. నిజమునకు మన ప్రాంతపు పంతులును త్వరగ మాటలాడునపుడు ‘చేస్తున్నావు’ అని అక్షరము చెడకుండ పలుకడు. అతని పలుకును నిఘంటువు ననుసరించి దిద్ది వ్రాసి, కూలివాని పలుకును మాత్రము శ్రుతి ననుసరించి వ్రాయుటలో ఒకడు భాష మాటలాడుచున్నాడనియు, మఱియొకడు భాషను చెఱచుచున్నాడనియు సూచన కలుగును. వ్రాసినవాడు ఆ కూలి యింటి బిడ్డయైనపుడు ఇది మఱింత బాధాకరము. అతడు తన యింటి భాషను హాస్యపు సరకుగ చూచుట పుస్తకములనుండియు, సినిమాలనుండియు నేర్చినాడు.

ఉచ్చారణమును వదలివేయుడని నేను చెప్పుట లేదు. అట్లు చేసినచో నాటకమున సగము ప్రాణము పోవును. కాని ఇచట ఒక వివేచన యవసరము. ‘ఎల్లిపోనాడు’ అను రూపమున రెండంశములు గలవు. ‘పోనాడు’ అనునది ఉత్తరాంధ్ర మాండలిక వ్యాకరణము. ‘పోయినాడు’ అను రూపమునుండి క్రమబద్ధముగ నేర్పడినది. ‘వె’కు బదులు ‘ఎ’ యనునది ఉచ్చారణము. దానిని చాలమంది చదువుకొన్నవారును పలుకుదురు. బేగి, ఏటి, గుంటడు వంటివి పదసంపద. వ్యాకరణమును, పదసంపదను నిర్భయముగ వ్రాయవలెను. ఉచ్చారణమును ఒకటిరెండు చోట్ల సూచించి విడువవలెను. లేదా పంతులునకును కూలికిని సమానముగ వ్రాయవలెను. శ్రీకాకుళమున జన్మించిన రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘ఆరు సారా కథలు’లోని మనుష్యులు పుటలతరబడి తమ మాండలికమున మాటలాడుదురు. వారి మాటలో మనము తర్కమును, దుఃఖమును, చమత్కారమును విందుము, అక్షరదోషమును వినము. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథయందును పల్లెపలుకు వాదమును నడపునుగాని నవ్వు పుట్టించుటకై నిలువదు. మన విద్యార్థులకు ఈ యిరువురును ఈ విషయమున గురువులు.

గిరీశము ఆంగ్లపదముల విషయమును ఇట్టిదే. ఆశ్రిత రచనలలో గిరీశము ప్రతి వాక్యమునను నాలుగు ఇంగ్లీషు ముక్కలు దొర్లించుట, చుట్ట కాల్చుట నియమమైపోయినవి. నాటకమున అతని ఆంగ్లము శ్రోత ననుసరించి హెచ్చుతగ్గులగును. వెంకటేశమునొద్ద గురుత్వము నిలుపుకొనుటకును, అగ్నిహోత్రావధానులయింట చదువు సాగుచున్నదని నమ్మించుటకును అది పొంగివచ్చును. బుచ్చమ్మతో మాటలాడునపుడు అతనికి కావలసినది వేఱు. ఆమెకు తెలియు తెలుగే అచట సాధనము. గురజాడ వ్రాసినది గిరీశమునకు ఎంత ఆంగ్లము వచ్చునో కాదు, దానిని ఎవరిమీద ప్రయోగించునో. అనుకర్తలు గుర్తును గ్రహించి ప్రయోజనమును విడిచినారు.

5. ఉపసంహారము

ఇచట నొక ఆక్షేపము రాగలదు. ఔత్సాహికులు సంతోషమునకై వ్రాసికొను కాగితములమీద ఇంత శాస్త్రమేల, తప్పులు దిద్ది విడిచిన చాలదా యని యడుగవచ్చును. దానికి సమాధానము ఈ ప్రాంతపు చరిత్రయందే గలదు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయమున ఇంటర్మీడియెట్ తరగతి తెలుగు వ్యాసరచన యే భాషలో నుండవలెనను ప్రశ్నపై గురజాడ తన అసమ్మతిపత్రమును సమర్పించెను. శ్రీకాకుళ సమీపమున జన్మించి పర్లాకిమిడిలో అధ్యాపకుడైన గిడుగు రామమూర్తి తన జీవితమును ఆ వాదమునకే ధారవోసెను. ఆ వాదమంతయు విద్యార్థి కాగితముమీద ఉపాధ్యాయుడు దేనిని తప్పని గీయవలెనను ప్రశ్నయే. ఆనాటి ఎఱ్ఱసిరా శిష్టవ్యావహారికమును కొట్టివేసినది. నేటి ఎఱ్ఱసిరా శిష్టవ్యావహారికమును నిలిపి, అసిరి పలుకును, అసిరికి చూపిన గౌరవమును కొట్టివేయుచున్నది. సిరా మాఱలేదు, గీత మాత్రము కొంత క్రిందికి జరిగినది.

కావున సహాధ్యాపకులకు నా మనవి మూడు మాటలలో చెప్పెదను. ఆశ్రిత రచనను దిద్దునపుడు మొదట కథకుడెవరో నిర్ణయింపుడు. పిదప అతని కొలత అందఱకును ఒకటే యగునా కాదా చూడుడు. అటుపిమ్మటనే ఏకవచన బహువచనములను దిద్దుడు. పరభాషా చిహ్నములను నిషేధింపకుడు. ఆ పనిని చేయు ‘అని’, ‘అనుకొను’, స్వగతము మన యింటనే యున్నవని చూపుడు. మాండలికమును వ్యాకరణముగ బోధింపుడు, అపశబ్దముగ కాదు.

పరిశోధక విద్యార్థులకు మఱియొక మాట. 1997లో కాళీపట్నం రామారావు శ్రీకాకుళమున స్థాపించిన కథానిలయము అచ్చయిన తెలుగు కథలను సేకరించి కాపాడుచున్నది. కళాశాలల సంచికలలోను, విద్యార్థుల నోటుపుస్తకములలోను ఉన్న ఈ ఆశ్రిత రచనలను కాపాడువారు లేరు. ఏటేట వీనిని తూకమునకు అమ్మివేయుచున్నాము. ప్రతి తెలుగుశాఖయు తన విద్యార్థుల రచనలను ఒక బీరువాలో నుంచి, సంవత్సరము వ్రాసి పెట్టుకొన్నచో, ఒక ప్రాంతపు చదువరులు తమ గొప్ప గ్రంథమును ఎట్లు చదువుకొనిరో, అందు తమ యింటివారికి ఏ స్థానము కోరిరో తెలిసికొనుటకు ఆధారము మిగులును. ఆనాడు నేను దిద్దిన కాగితము నాయొద్ద లేదు. దాని ప్రతి నొకదానిని తీసి యుంచవలసినదని ఈ వ్యాసమును వ్రాయుచున్నపుడు పలుమాఱులు తోచినది.